పిల్లల వేడుకలో మూగజీవులు

పట్టణములోని ఒక మధ్యతరగతి క్రైస్తవ గృహమును చదువరి మనస్సునకు తెచ్చుకొనవచ్చును. ఆ ఇంటి చిన్న కుమార్తెకు ఏడవ యేడు నిండినది. సాయంకాలము కృతజ్ఞతాకూటము ఏర్పాటు చేయబడినది. సంఘకాపరి వచ్చి ప్రార్థించెను. జీవమునిచ్చిన దేవునికి స్తోత్రములు చెల్లింపబడెను. కీర్తన పాడిరి, కేకు కోసిరి. పిమ్మట పిల్లల సంతోషము కొరకు తండ్రి పిలిపించిన గారడీవాడు తన పెట్టె తెరచెను. అతని కోటు మడతలలోనుండి తెల్లని పావురము బయటికి వచ్చెను. ఖాళీ టోపీలోనుండి కుందేలు వచ్చెను. పిల్లలు కేకలు వేసి చప్పట్లు కొట్టిరి. కుందేలు ఇరువది జతల చేతులు మారెను. చివరకు ఇండ్లకు మరలిపోవు పిల్లలలో ఒక్కొక్కరికి చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో రంగు వేసిన కోడిపిల్లనొకదానిని బహుమానముగా ఇచ్చిరి. ఒకరికి గులాబిరంగు పిల్ల, ఒకరికి ఆకుపచ్చ పిల్ల, ఒకరికి నీలము.

మూడవ దినమున ఆ ఇంటి బాలిక తన కోడిపిల్ల కదలక పడియుండుట చూచెను. దానిని దోసిట పట్టుకొని తండ్రియొద్దకు వచ్చి, "నాన్నా, నేనేమి తప్పు చేసినాను? నూకలు వేసినాను, నీళ్లు పెట్టినాను" అనెను. తండ్రి, "నీ తప్పేమీ లేదమ్మా, అవి అంతే, బ్రదుకవు" అని ఓదార్చెను. ఆ బిడ్డ కొంచెమాగి, "బ్రదుకవని నీకు ముందే తెలుసునా, నాన్నా?" అని అడిగెను.

ఈ ప్రశ్నకు ఆ తండ్రి ఉత్తరము చెప్పలేకపోయెను. ఆయన క్రూరుడు కాడు. ఎవరినైనను నొప్పింపవలెనని ఆయన తలంపలేదు. బిడ్డను సంతోషపెట్టవలెనను ప్రేమయే ఆయనచేత ఆ పని చేయించినది. అయినను ఏ గదిలో ఒక ప్రాణము కొరకు దేవునికి వందనములు చెల్లింపబడెనో, ఆ గదిలోనే ఇరువది చిన్న ప్రాణములు ఆటవస్తువులుగా పంచిపెట్టబడెను. ప్రేమతో చేసిన పనిలో ఇట్టి వైరుధ్యమెట్లు చొరబడినది? పిల్లల ఉల్లాసము కొరకు ప్రాణముగల జీవిని వాడుకొనుట న్యాయమేనా? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. అయితే చిన్న విషయములలో కనికరమునకు చోటియ్యని మనస్సు పెద్ద విషయములలో దానికి చోటిచ్చునని నమ్ముట కష్టము.

మొట్టమొదట ఆ వేడుకలో నిజముగా ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెను. తెలియకుండ తీర్పు తీర్చుట తగదు.

రంగు కోడిపిల్ల సంగతి ముందు చూడవచ్చును. గ్రుడ్ల కొరకు పెంచు జాతికోళ్ల హేచరీలలో పొదిగిన పిల్లలలో దాదాపు సగము పుంజులే. అవి గ్రుడ్లు పెట్టవు. మాంసపు జాతివలె త్వరగా బరువునకు రావు. కావున వ్యాపారమునకు అవి పనికిరానివని యెంచబడును. అనేక దేశములలో వాటిని పుట్టిననాడే చంపివేయుదురు. మన దేశములో వాటిలో కొన్ని రంగునీళ్లలో ముంచబడి, గంపలలో వీధులకు, సంతలకు, బడుల గుమ్మములకు చేరుచున్నవి. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల కడుపులో పచ్చసొన శేషము కొంత మిగిలియుండును. దాని బలముచేత ఆ పిల్ల రెండు మూడు దినములు మేత లేకున్నను నిలువగలదు. కావుననే వేడుకనాడు అది చురుకుగా కనబడును. అయితే మొదటి వారములో దానికి సుమారు 32 మొదలు 35 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము కావలెను. తల్లికోడి రెక్కలక్రింద ఆ వెచ్చదనము దొరకును; అట్టపెట్టెలో దొరకదు. మంద జీవి గనుక ఒంటరియై అది ఎడతెగక అరచును. ఆ అరపును పిల్లలు పాట అనుకొందురు. అది తల్లిని పిలుచుట. మూడవ నాడు కోడిపిల్ల చచ్చిపోవుట దైవయోగమును కాదు, బాలిక తప్పును కాదు. ఆ బహుమానమునందే ఆ మరణము ఇమిడియున్నది.

కుందేలు సంగతి వేరొక రీతిగా నున్నది. వేటాడబడు జాతిలో పుట్టిన జీవి అది. తన్ను ఎత్తి పట్టుకొనినది మిత్రుడో మృగమో దానికి తెలియదు. వెల్లకిల పరుండబెట్టినప్పుడు అది కదలక మెదలక యుండును. చూచువారు ఎంత సాధువైన జంతువని మెచ్చుకొందురు. ఆ నిశ్చలత సాధుత్వము కాదు. భయము ముదిరి శరీరము బిగిసిపోవుట. దాని వెనుకకాళ్లు మిక్కిలి బలమైనవి, ఎముకలు మిక్కిలి పలుచనివి. సరిగా పట్టుకొననివారి చేతిలో అది విదిలించుకొనినప్పుడు తన వెన్ను తానే విరుగగొట్టుకొనుటయు కలదు. చెవులు పట్టి పైకెత్తుట దానికి తీవ్రమైన బాధ.

కోతిని ఆడించువాడు ఇంటి ముంగిట నిలిచినప్పుడు పిల్లలు ఆ కోతి పండ్లు కనబరచుట చూచి, "నవ్వుచున్నది, నవ్వుచున్నది" అందురు. కోతిజాతులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పునది వేరు. తనకంటె బలవంతుని యెదుట లొంగిపోయి, కొట్టవద్దని వేడుకొను గుర్తుగా ఆ జాతి కోతులు పెదవులు వెనుకకు లాగి పండ్లు చూపును. కోతిపిల్ల తల్లిని కరచుకొని పెరుగవలసిన కాలములో తల్లినుండి వేరుచేయబడి, మెడకు త్రాడు వేయబడి, కఱ్ఱచేతను ఆకలిచేతను ఆట నేర్పబడును. పాములవాని బుట్టలోని త్రాచు నాగస్వరము విని ఆడుచున్నదని జనులు తలంతురు. అది స్వరమును కాదు, తన యెదుట ఊగు బూరను ముప్పుగా నెంచి దాని కదలికను వెంబడించుచున్నది. దాని కోరలు అంతకుముందే పెరికివేయబడియుండును. కొన్నిటి నోరు కుట్టివేయబడును.

ఈ ఉదాహరణములన్నిటిలో ఒక సంగతి సామాన్యముగా నున్నది. చూచువారు గుర్తులను తలక్రిందులుగా చదువుచున్నారు. భయమును నవ్వు అనుచున్నారు. మొఱ్ఱను పాట అనుచున్నారు. బిగుసుకొనిపోవుటను సాధుత్వమనుచున్నారు. మూగజీవికి నోరు లేదని లోకమనును గాని, దాని నోరు తెరచియే యున్నది. ఆ భాష నేర్చుకొనుటకు మనుష్యుడు శ్రమ తీసికొనలేదు. పిల్లలు లోకమును చదువుట నేర్చుకొను వయస్సులో నున్నవారు. వారికి మొదటి పాఠమే తప్పుగా నేర్పినయెడల ఆ నష్టము జంతువుతో ముగియదు. పొరుగువాని ముఖములోని బాధను తన వినోదమునకు తగినట్లు చదువుకొను అలవాటు అక్కడనే నాటబడును.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమును గూర్చి మౌనముగా నుండలేదు. సృష్టిమీద మనుష్యునికి అధికారమియ్యబడినది నిజమే. అయితే ఆ అధికారముయొక్క మొదటి క్రియ ఏదని చూచినయెడల, ఆదాము జంతువులకు పేర్లు పెట్టుట కనబడును. పేరు పెట్టువాడు ముందు గమనింపవలెను. ఒక్కొక్క జీవి స్వభావమేమో తెలిసికొనవలెను. ఎరుగనిదానిని ఏలుట దౌర్జన్యమగును. విశ్రాంతిదినపు ఆజ్ఞలో ఎద్దును గాడిదయు చేర్చబడినవి (నిర్గమకాండము 23:12). శత్రువుని గాడిద బరువుక్రింద పడియున్నప్పుడు సహితము దాటిపోక సహాయము చేయవలెనని ధర్మశాస్త్రము కోరినది. పక్షిగూడు కనబడినప్పుడు పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనకూడదని నియమించినది (ద్వితీయోపదేశకాండము 22:6, 7). నీతిగలవాడెవడో గుర్తించుటకు అతని ఇంటి పశువును చూడవలెనను భావము సామెతల గ్రంథములో నున్నది (12:10). నీనెవె పట్టణమును దేవుడు కనికరించినప్పుడు ఆ ఊరి జనసంఖ్యతోపాటు పశువులనుకూడ లెక్కలోనికి తెచ్చెను. యోనా గ్రంథము ఆ మాటతోనే ముగియుచున్నది. బిలాము తన గాడిదను మూడుమారులు కొట్టెను. ప్రవక్తయై యుండియు అతడు చూడలేని దూతను అది చూచెను.

న్యాయాధిపతుల గ్రంథము 16వ అధ్యాయములో ఒక పండుగ వర్ణింపబడినది. ఫిలిష్తీయులు కూడియుండిరి. వారి హృదయములు ఉల్లాసముతో నిండియుండెను. తమ్మును నవ్వించుటకు సమ్సోనును చెరసాలనుండి పిలిపించిరి. కన్నులు పోగొట్టబడి, సంకెళ్లతో బంధింపబడి, తనది కాని సంతోషము నిమిత్తము అతడు ఆ సభలోనికి తేబడెను. అతని చేయి పట్టి నడిపించినవాడు ఒక బాలుడు. మనుష్యుని జంతువుతో సమానము చేయుటకు ఈ సంగతి ఎత్తబడలేదు. దేవుని స్వరూపమందు చేయబడినవాని స్థానము వేరు. అయినను ఎదిరింపలేనిదానిని బంధించి పండుగ ఇంటికి తెచ్చి నవ్వుకొనుట ఎట్టిదో లేఖనములు ఎరిగియున్నవి. ఆ నవ్వుల ప్రక్క ఒక బాలుడు నిలిచియుండుటయు అవి వ్రాసియుంచినవి. ఆనాడు ఆ బాలుడు ఏమి నేర్చుకొనెనో వ్రాయబడలేదు.

దీనికి విరోధముగా చెప్పదగిన మాటలు లేకపోలేదు. వాటిలో కొన్ని బలమైనవి. వాటిని తేలికగా త్రోసివేయుట సత్యమునకు తగినది కాదు.

మొదటి ఆక్షేపణ ఇది: "ఆదివారము మధ్యాహ్నము కోడిమాంసము వండుకొను ఇంటివారు కోడిపిల్ల కొరకు కన్నీరు కార్చుట వేషధారణ కాదా?" ఈ ప్రశ్న వేయుటకు అడుగువానికి హక్కు కలదు. నోవహుతో చేసిన నిబంధనలో ఆహారము కొరకు మాంసము అనుమతింపబడినది. ఆ అనుమతిలోనే రక్తమును గూర్చిన హద్దును విధింపబడినది. అనగా అక్కరకు తీసికొనునప్పుడు సహితము ప్రాణము దేవునిదని ఒప్పుకొని తీసికొనవలెను. అదే అధ్యాయములో దేవుడు నోవహుతో మాత్రమే గాక ఓడలోనుండి వెలువడిన ప్రతి జీవితోను నిబంధన చేసెను. ఆహారమునకును ఆటకును భేదమున్నది. ఆకలికి సమాధానము కావలెను. నవ్వుకు వేయి దారులున్నవి. బుడగతోను, పాటతోను, త్రాడాటతోను సాధింపదగిన సంతోషము కొరకు ఒక ప్రాణమును ఖర్చుపెట్టుటకు అక్కర అను మాట చెల్లదు. అయినను ఆక్షేపణ అంతటితో తీరిపోదని ఒప్పుకొనవలెను. వేడుకలోని కోడిపిల్లను గూర్చి ఆలోచింప మొదలిడినవాడు తన పళ్లెములోని కోడి ఎట్టి బోనులో పెరిగినదో ఎప్పుడో ఒకప్పుడు అడుగకుండ నుండలేడు. ఒక ప్రశ్న రెండవ ప్రశ్నకు దారి తీయునను భయముచేత మొదటి ప్రశ్నను మానుకొనుట న్యాయము కాదు.

రెండవ ఆక్షేపణ బీదవాని కడుపును గూర్చినది. "కోతినాడించువాడు, పావురముల గారడీవాడు, గంపలో కోడిపిల్లలమ్మువాడు, వీరందరును నిరుపేదలు. ధనవంతుని కనికరము జంతువుమీద పడి బీదవానిమీద రాయివలె పడుచున్నది గదా?" ఈ మాట గుండెకు తగులవలసినదే. మనుష్యుని మరచి జంతువును లాలించు దయను దేవుడు మెచ్చడు. అయితే దీనికి ఉత్తరము మన దేశ చరిత్రలోనే కలదు. తరతరములుగా కలందరు కులస్థులు ఎలుగుబంటి ముక్కు పొడిచి, త్రాడు దూర్చి, ఊరూర ఆడించి జీవించిరి. వారిని తరిమివేసినంత మాత్రమున పని జరుగలేదు. జంతుసంరక్షణ సంఘములు వారికి వేరొక వృత్తి ఆరంభించుటకు సొమ్మిచ్చి, వారి పిల్లలను బడికి పంపి, ఎలుగుబంట్లను ఆగ్రా సమీపమునను మరికొన్ని చోట్లను సంరక్షణ కేంద్రములకు చేర్చినవి. 2009లో ఆఖరి ఆట ఎలుగుబంటి అప్పగింపబడినదని ప్రకటింపబడెను. కోతిని విడిపించుటయు, కోతివానిని ఆదుకొనుటయు ఒకే కనికరముయొక్క రెండు చేతులు. గారడీవానిని పిలువవద్దని ఎవరును అనరు. అతని నేర్పు అతని వ్రేళ్లలో నున్నది. నాణెములతో, రుమాళ్లతో, త్రాళ్లతో, పేక ముక్కలతో ఆట చూపుమని కోరి, కూలి తగ్గింపక పూర్తిగా ఇచ్చినయెడల అతనికి నష్టము లేదు. పెట్టెలో ముడుచుకొని కూర్చుండు పావురమునకు లాభము.

మూడవ ఆక్షేపణ తలిదండ్రులది. "పిల్లలు జంతువులను ముట్టి, ఎత్తి, ముద్దాడకపోయినయెడల వాటిని ప్రేమించుట ఎట్లు నేర్చుకొందురు? పట్టణపు మేడలలో పెరుగు బిడ్డలకు ఆవు పాలపొట్లములో నున్నది గదా?" ఇందులో కొంత సత్యము లేకపోలేదు. అయితే ఆ సాయంకాలము పిల్లలు నేర్చుకొన్నదేమి? ప్రాణి పిలిచినప్పుడు వచ్చును, అలసినను మోయవలెను, ఆట ముగిసినప్పుడు పెట్టెలో పెట్టబడును, చచ్చినప్పుడు పారవేయబడును, ఇదియే గదా! ప్రేమ ఒక గంటలో నేర్పబడునది కాదు. నాతాను ప్రవక్త దావీదు రాజునకు చెప్పిన ఉపమానములో బీదవాని గొఱ్ఱెపిల్ల అతని బిడ్డలతోకూడ పెరిగి, అతని ముద్దలో పాలుపొందినది. అతిథి కొరకు విందు చేయవలసివచ్చినప్పుడు ధనవంతుడు దానిని పట్టుకొనిపోయెను. పెంచుకొన్నవాని ప్రేమకును, విందు చేయువాని వాడుకకును గల దూరము ఆ ఉపమానములో కొలువబడియున్నది. ఆ కథ విని దావీదు కోపపడెను. ఆ మనుష్యుడు తానేయని పిమ్మట ఎరిగెను.

పైగా ముట్టుటవలన పిల్లలకును అపాయము కలదు. బెదరిన కోతి కరచును. కోతికాటునకు సహితము వెంటనే వైద్యము చేయింపవలసినదే. కోడిపిల్లలనుండి, తాబేళ్లనుండి సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి అయిదేండ్లలోపు పిల్లలకు సోకి విరేచనములు, జ్వరము కలిగించును. ముద్దాడిన నోటిద్వారా, కడుగని చేతులద్వారా అది వ్యాపించును.

నాలుగవ ఆక్షేపణ చట్టమును గూర్చినది. "తప్పయినయెడల ప్రభుత్వమే నిషేధించును గదా?" మన దేశములో ఈ విషయమైన చట్టము లేకపోలేదు. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుదలతో ఎత్తిన ప్రశ్న ఫలముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడినది. ఆమెయే దాని మొదటి అధ్యక్షురాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన అడవి రామచిలుకను పంజరములో ఉంచుటయు నేరమే. 1976లో రాజ్యాంగమునకు చేర్చబడిన పౌర విధులలో సకల జీవులయెడల కరుణ చూపుట ఒకటి. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహము అను అయిదింటిని ఆటలు నేర్పి ప్రదర్శింపకూడదని కేంద్ర ప్రభుత్వము 1998లో ప్రకటించెను. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును సమర్థించెను. 2011లో ఎద్దును ఆ పట్టికలో చేర్చిరి.

ఇంత చట్టమున్నను ఒక చోటికి అది పూర్తిగా చేరదు. 1960 నాటి చట్టములో ప్రదర్శన జంతువుల నమోదును గూర్చిన భాగము టిక్కెట్లు అమ్మి ప్రజలను రానిచ్చు వినోదములకు వర్తించును. ఇంటి హాలులో బంధుమిత్రులకు ఉచితముగా చూపు ఆట ఆ నిర్వచనమునకు వెలుపల నిలుచును. కొట్టుట, చిత్రహింస పెట్టుట, కదలలేని బోనులో బంధించుట ఎక్కడ జరిగినను నేరమే. అయినను పుట్టినరోజు నాటి తలుపులు మూసిన ఇంటిలోనికి పోలీసువాడు వచ్చి కుందేలు గుండె వేగమును కొలువడు. చట్టపు చేయి ఆగిన చోట మనస్సాక్షి పని ప్రారంభమగును. క్రైస్తవ గృహమును పరీక్షించునది ఆ చోటే.

ఈ కనికరము ఈనాడు పుట్టిన క్రొత్త వాడుక కాదు. 1824లో లండను నగరములో జంతుహింసా నివారణ సంఘము స్థాపింపబడినప్పుడు దానికి ముందు నడచినవాడు ఆర్థర్ బ్రూమ్ అను ఆంగ్లికన్ సంఘ బోధకుడు. బానిసల వ్యాపారమును రూపుమాపుటకు పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆ మొదటి కూటములో నుండెను. నోరులేనివారి పక్షమున మాటలాడిన నోరే నోరులేని జంతువుల పక్షమునను మాటలాడినది. ఆ సంఘపు అప్పుల నిమిత్తము బ్రూమ్ చెరసాల పాలయ్యెను. 1861లో కోల్స్‌వర్తీ గ్రాంట్ కలకత్తాలో అట్టి సంఘమునే స్థాపించెను. జాన్ వెస్లీ రోమా పత్రిక 8వ అధ్యాయమును ఆధారము చేసికొని, సృష్టియంతయు విడుదల కొరకు ఎదురుచూచుచున్నదను విషయమును గూర్చి ప్రత్యేకముగా ఒక ప్రసంగము చేసెను.

వీరందరికంటె ఒక బాలుని సంగతి ఈ సందర్భమునకు దగ్గరగా నున్నది. తరువాత ఆఫ్రికాలో వైద్య మిషనరీయైన ఆల్బర్ట్ ష్వైట్జర్ ఏడెనిమిదేండ్ల వయస్సులో ఒక స్నేహితునితో పిట్టలను కొట్టుటకు వడిసెల పట్టుకొని పోయెను. అది శ్రమకాలపు దినము. రాయి విసరబోవు సమయమున దేవాలయపు గంటలు మ్రోగెను. బాలుడు వడిసెల విడిచి, పిట్టలను తానే అదలించి తోలివేసి, ఇంటికి పరుగెత్తెను. రాత్రి ప్రార్థనలో మనుష్యుల కొరకు మాత్రమే ఎందుకు ప్రార్థించుచున్నారో అతనికి బోధపడలేదు. తల్లి ప్రార్థించి, ముద్దుపెట్టుకొని వెళ్లిన పిమ్మట జీవులన్నిటి కొరకు తన చిన్న ప్రార్థన తానే రహస్యముగా చేసికొనెడివాడు. పెద్దలు నేర్పనిదానిని బాలుడు గంట శబ్దములో వినెను. ఈ సంగతులను పెద్దవాడైన తరువాత ఆయనయే వ్రాసెను.

క్రైస్తవ సంఘములలో ఈ ప్రశ్న పుట్టినరోజుతో ఆగదు. క్రిస్మస్ నాటకములో పశువులతొట్టి యొద్దకు సజీవమైన గొఱ్ఱెపిల్లను, గాడిదను తెచ్చు అలవాటు కొన్ని చోట్ల కలదు. మైకుల హోరు, విద్యుద్దీపముల వెలుగు, టపాకాయల శబ్దము, ముట్టవలెనని ఎగబడు వందలకొలది చేతులు, వీటి నడుమ ఆ జంతువు వణకుచు నిలుచును. లూకా సువార్తలో తొట్టి చెప్పబడినది గాని దాని చుట్టు నిలిచిన జంతువు ఒక్కటియు చెప్పబడలేదు. దూది అంటించుకొని గొఱ్ఱెపిల్ల వేషము వేసిన సండేస్కూలు బాలుడు ఆ రాత్రి అందరికంటె ఎక్కువ సంతోషించును. అట్లే ఉత్సవములలోను వివాహములలోను తెల్లని పావురములను ఎగురవేయుట గొప్ప సాదృశ్యమని తలంతురు. బోనులలో పెరిగిన తెల్ల గువ్వలకు మేత వెదకుకొనుట చేతకాదు, దారి తెలియదు. వాటి తెల్లదనమే గద్దకు గుర్తు. సమాధానమునకు చిహ్నముగా విడువబడిన ప్రాణికి సమాధానము దొరకుట లేదు.

అట్లయినయెడల తలిదండ్రులు చేయవలసినదేమి? ఇది కఠినమైన వ్రతము కాదు. పుట్టినరోజున పిల్లలకు మొక్కలు పంచవచ్చును. విత్తనపు పొట్లములు పంచవచ్చును. తోలుబొమ్మలవానిని, కథ చెప్పువానిని, జంతువులు లేని గారడీవానిని పిలువవచ్చును. జంతువులను చూపింపవలెనని కోరిక యున్నయెడల వాటిని ఇంటికి ఈడ్చుకొని వచ్చుటకంటె వాటి యొద్దకు పిల్లలను తీసికొనిపోవుట మేలు. గ్రామములోని బంధువుల పశువులకొట్టములో దూడకు గడ్డి వేయుట, చెరువు గట్టున కొంగలను దూరమునుండి చూచుట, వేసవిలో మేడమీద పిచ్చుకలకు మట్టిమూకుడులో నీళ్లుంచి అవి వచ్చువరకు కాచుకొని కూర్చుండుట, ఇవి ఓర్పు నేర్పును. వచ్చినను రాకున్నను ఆ పిచ్చుక స్వేచ్ఛగలదని బాలుడు నేర్చుకొనును. రెండు పిచ్చుకలు కాసునకు అమ్మబడు లోకములోనే, తండ్రి దృష్టి వాటిలో ఒక్కదానినైనను విడువలేదని ప్రభువు చెప్పెను. ఇప్పటికే కోడిపిల్ల ఇంటికి వచ్చియున్నయెడల దానిని వీధిలో విడువరాదు. పెట్టెలో ఒక మూల బల్బు వేలాడదీసి వెచ్చదనము చేసి, కోళ్ల పెంపకందారుని సలహా అడిగి, దానిని బ్రదికించుటకు ప్రయత్నింపవలెను. ఆ ప్రయత్నములో బిడ్డను పాలివారిని చేయవలెను.

ఇక ఆ తండ్రి సంగతి మిగిలియున్నది. "నీకు ముందే తెలుసునా?" అని కుమార్తె అడిగెను. ఆయనకు తెలియదు. తెలియకపోవుట తప్పు లేదనుటకు సమానమా? మోషే ధర్మశాస్త్రము తెలియక చేసిన పాపమును తెగించి చేసిన పాపముతో సమానముగా ఎంచలేదు. అట్లని దానిని లెక్కలోనుండి తీసివేయనులేదు. తన దోషము తనకు తెలియబడిన క్షణమున మనుష్యుడు దేవుని సన్నిధికి రావలెనని లేవీయకాండము నియమించినది. నేరము ఎంతయను ప్రశ్న ఒకటి. ఇప్పుడు తెలిసినది గదా, ఇక నేమి చేయుదువను ప్రశ్న మరియొకటి. రెండవదియే భారమైనది. ఎరుగనివాడు ఒకమారు మాత్రమే ఎరుగనివాడుగా నుండగలడు.

"అవి అంతే" అని తండ్రి అనిన మాట లోకములోని క్రూరత్వములో అధికభాగమునకు తాళపుచెవి. బీదవాడు అంతే, కూలివాడు అంతే, గొఱ్ఱె అంతే, కోడి అంతే. ప్రశ్నను మూసివేయుటకు ఆ రెండు మాటలు చాలును. ఆ తండ్రి ఆ మాటను వెనుకకు తీసికొనుటయే కుమార్తెకు ఆయన ఇయ్యగల నిజమైన బహుమానము. "నాకు తెలియదమ్మా. తెలిసికొనవలసినది. అడుగలేదు. ఆ తప్పు నాది, నీది కాదు" అని చెప్పగల తండ్రియొద్ద బిడ్డ రెండు సంగతులు నేర్చుకొనును. చిన్న ప్రాణముకూడ లెక్కలోనిదని నేర్చుకొనును. పెద్దవారుకూడ తమ తప్పు ఒప్పుకొనవచ్చునని నేర్చుకొనును.

వారిరువురు పెరటిలో జామచెట్టు మొదట చిన్న గుంట త్రవ్వి ఆ కోడిపిల్లను పాతిపెట్టుదురుగాక. రంగు వర్షమునకు వెలిసిపోవును. మరుసటి సంవత్సరము మరల కృతజ్ఞతాకూటము వచ్చును. మరల సంఘకాపరి జీవము కొరకు వందనములు చెల్లించును. ఆ దినమున ఆ ఇంటిలో ఆ ప్రార్థనకు విరోధముగా మొఱ్ఱపెట్టు ప్రాణి ఒక్కటియు లేకుండును గాక.